తలకోన దారిలో సైన్సు క్లాసు

మా బడిలో ఎక్స్‌కర్షన్ అంటే చంద్రగిరి కోట, లేదంటే తిరుపతి జూ. మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సైన్సు సారు పట్టుబట్టి తలకోన జలపాతం అన్నారు. హెడ్మాస్టరుగారికి ఒకటే టెన్షన్. అడవి, నీళ్ళు, పైగా మా బ్యాచ్!

భాకరాపేట ఘాట్ మలుపులకు సగం మంది కిటికీల దగ్గరే ఉండిపోయారు. ఆ సంగతి వదిలేద్దాం. నెరబైలు దాటాక అడవి మొదలైంది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర్నుంచి జలపాతానికి నడక పెద్ద దూరమేమీ కాదు. కానీ సారు మమ్మల్ని కదలనిస్తేగా!

ముందు గిల్లతీగ దగ్గర ఆపారు. దాన్ని తీగ అనడానికి మనసొప్పదు, మనిషి నడుమంత లావుంది. చెట్టు మీంచి చెట్టు మీదికి పాకి, ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది. కాయలు గజం పొడుగు. కింద రాలిన గింజను రాతిమీద గీకి, వేడెక్కాక నా మెడకు అంటించిన మహానుభావుడు ఈ సంచిక చదువుతూనే ఉంటాడు. తర్వాత ఎర్రచందనం. పైన బెరడు మొసలి వీపులా నల్లగా పగుళ్ళు, ఎరుపంతా లోపలి చేవలో. ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, ప్రపంచంలో ఇంకెక్కడా లేదని సారు చెబితే మాకు నమ్మబుద్ధి కాలేదు. మా ఊళ్ళో అదంటే పోలీసులు, లారీలు, అంతే.

జలపాతం ఎత్తు 270 అడుగులు. తల పైకెత్తి నోరు తెరిచాం. వారంగా చినుకు లేదు, మరి ఇన్ని నీళ్ళు ఎక్కడివని ఎవరో అడిగారు. సారుకు కావలసింది అదే. ఈ కొండ క్వార్ట్‌జైట్ రాయి, అంటే ఇసుకరాయే వేడికీ ఒత్తిడికీ గట్టిపడింది. రాయి నీరు పీల్చదు, పగుళ్ళు మాత్రం దాచుకుంటాయి. పైన ఆకుల చెత్త, మట్టి వాన నీటిని పట్టి ఉంచి మెల్లగా లోపలికి దించుతాయి. అడవి కొట్టేస్తే వానరోజు వరద, మర్నాడు ఎండిన బండ. పదో తరగతి పరీక్షలో దీని మీద ఒక్క ప్రశ్నా రాలేదు. నాకు గుర్తున్న సైన్సు మాత్రం ఇదే.

ఈమధ్య పిల్లలతో వెళ్ళాను. ఇది 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయవనంలో భాగం. 2010లో ఈ శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చెట్ల మధ్య తాళ్ళ వంతెన కట్టారు, పిల్లలకు అదే నచ్చింది. జనం గబగబా జలపాతం దాకా నడిచి, సెల్ఫీ తీసుకుని, అంతే వేగంగా వెనక్కి వస్తున్నారు. గిల్లతీగ వైపు చూసినవాళ్ళు తక్కువ.

మన బ్యాచ్ కలయికను ఈసారి ఫంక్షన్ హాల్లో కాకుండా అక్కడ పెడదామని నా ప్రతిపాదన. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, నవంబరు చివర్లో అయితే నీళ్ళు బాగుంటాయి. బండలు పాచిపట్టి జారతాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళు కర్ర తెచ్చుకోండి. చిత్రాన్నం బస్సులోనే తినేద్దాం, కోతులు అప్పటికంటే ఇప్పుడు ఇంకా ముదిరాయి.