ఎవరడిగితే ఫోన్ ఎత్తాలి? డయలప్ రౌటర్ కష్టాలు

మొన్న పాత సామాన్లు సర్దుతుంటే ఎక్స్‌టర్నల్ మోడెమ్ ఒకటి బయటపడింది, డయలప్ రోజుల్లో ఫోన్ లైన్ మీద నంబర్ కొట్టి ఇంటర్నెట్‌కి కలిపే డబ్బా. అడాప్టర్ ఎక్కడ పోయిందో గానీ, ముందు వైపు ఎర్ర లైట్ల కింద అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు: ఓహెచ్, సీడీ, ఎస్‌డీ, ఆర్‌డీ. ఓహెచ్ వెలిగితే ఫోన్ ఎత్తిందని, సీడీ వెలిగితే అవతలి మోడెమ్ దొరికిందని. ఆ రెండు లైట్ల కోసం నేను కాచుకున్న రాత్రులు అన్నీ ఇన్నీ కావు.

ఒకే సిస్టమ్, ఒకే మోడెమ్ అయితే గొడవే లేదు, మనకి కావాలంటే మనమే డయల్ చేస్తాం, అయిపోయాక మనమే కట్ చేస్తాం. నాకు మూడు సిస్టమ్‌లు ఉండేవి, ఫోన్ లైన్ ఒక్కటే, అందుకని ఒక పాత పీసీలో లైనక్స్ వేసి దాన్నే రౌటర్ చేశా. ఇక ఎప్పుడు డయల్ చేయాలో అదే చూసుకోవాలి. ఎవరికైనా ఇంటర్నెట్ కావాల్సొచ్చినప్పుడే డయల్ చేసే ఈ పద్ధతిని డయల్ ఆన్ డిమాండ్ అంటారు.

ఇందులో మొదటి తమాషా ఏంటంటే, లైన్ లేకపోయినా ఉన్నట్టు రౌటర్ నటించాలి. డీఫాల్ట్ రూట్, అంటే బయటికి వెళ్ళే దారి, పీపీపీ (ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ నడిపే పద్ధతి) ఇంటర్‌ఫేస్ వైపే చూపిస్తూ ఉంటుంది, అది అప్‌లోనే కనిపిస్తుంది, కానీ అవతల ఎవరూ ఉండరు. ఈ నటన లేకపోతే రూట్ టేబుల్‌లోంచి రూట్ ఎగిరిపోతుంది, అప్పుడు ప్యాకెట్ (డేటా ముక్క) వచ్చినా ఎటు పంపాలో తెలీదు, డయల్ చేయాలన్న సంగతే తట్టదు. సిస్కో రౌటర్లలో అయితే స్టేటస్ పక్కనే బ్రాకెట్లో స్పూఫింగ్ (నటన) అని రాసి మరీ ఒప్పుకుంటుంది :)

ప్యాకెట్ రాగానే ఏటీడీటీ (డయల్ చెయ్ అని మోడెమ్‌కి చెప్పే ఆదేశం) అని నంబర్ కొట్టడం, మోడెమ్‌లు రెండూ కాసేపు కీచుమని అరుచుకోవడం, కనెక్ట్ 33600 (సెకనుకి ఇన్ని బిట్లు) అని రావడం, తర్వాత పీపీపీ వంతు, ముందు ఎల్‌సీపీ అని లైన్ షరతులు మాట్లాడుకునే దశ, తర్వాత పాస్‌వర్డ్, చివర్లో ఐపీసీపీ అనే దశ వచ్చి ఐపీ అడ్రస్ ఇస్తుంది. మొత్తం 25, 30 సెకన్లు. మరి ఈలోపు ఆ మొదటి ప్యాకెట్ సంగతి? కొన్ని రౌటర్లు పట్టుకుని ఉంచుతాయి, కొన్ని పారేస్తాయి. పారేస్తే టీసీపీ (జవాబు రాని ప్యాకెట్లని మళ్ళీ పంపే పద్ధతి) మళ్ళీ పంపుతుందిలే అనుకుంటాం, నిజమే, కానీ అప్పటి పద్ధతిలో మొదటి రీట్రై 3 సెకన్లకి, ఆ తర్వాత గ్యాప్ డబుల్ అవుతూ పోయేది, అంటే 3, 9, 21, 45వ సెకన్లు. లైన్ 25వ సెకనుకే వచ్చేసినా తర్వాతి ప్రయత్నం 45లోనే. సీడీ లైట్ వెలుగుతూనే ఉంటుంది, పేజీ మాత్రం రాదు, తప్పు లైన్‌ది అనుకుని నేనే కట్ చేసి మళ్ళీ మొదలెట్టిన రోజులున్నాయి.

పట్టుకుని ఉంచినా ఇంకో చిక్కు. కాల్ చేసిన ప్రతిసారీ ఐపీ మారుతుంది కదా, ఆ ప్యాకెట్ మీద ఉన్న సోర్స్ అడ్రస్ డయల్ చేయకముందుది, జవాబు రమ్మంటే ఎక్కడికి వస్తుంది? లైనక్స్‌లో ip_dynaddr అని ఒక సెట్టింగ్ ఉంది, 1 పెడితే ఇంకా కనెక్ట్ కాని సాకెట్లకి (మొదలైన కనెక్షన్లకి) కొత్త అడ్రస్ తిరగరాస్తుంది. అప్పటికే నడుస్తున్న డౌన్‌లోడ్ మధ్యలో లైన్ కట్టయి వేరే అడ్రస్‌తో తిరిగొస్తే మాత్రం ఎవరూ ఏం చేయలేరు, ఆ కనెక్షన్ పోయినట్టే.

అసలు తలనొప్పి ఇది కాదు. అందరూ పడుకున్నాక కూడా కొన్ని నిమిషాలకోసారి ఓహెచ్ లైట్ వెలిగేది. ప్రతి కాల్‌కీ బిల్లు పడేది మరి! వచ్చే పోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టి కూర్చుంటే దొరికింది దొంగ, ఒక డెస్క్‌టాప్ తన వర్క్‌గ్రూప్ (లోకల్ నెట్‌వర్క్‌లో సిస్టమ్‌ల గుంపు) పేరుని డీఎన్ఎస్‌లో, అంటే పేర్లకి ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థలో, వెతుకుతోంది, రౌటర్‌లో ఉన్న నేమ్ సర్వర్‌కి ఆ పేరు తెలీదు, సరే బయట అడుగుదాం అని ప్యాకెట్ వదులుతుంది, అంతే, డయలింగ్. అరనిమిషం కష్టపడి తెచ్చుకున్న జవాబు ఏంటయ్యా అంటే అలాంటి పేరే లేదు అని. డీఎన్ఎస్‌కి డయల్ చేయొద్దని ఫిల్టర్‌లో రాసేద్దాం అనుకున్నా గానీ, బ్రౌజర్ పేజీ తెరవాలన్నా ముందు వచ్చేది డీఎన్ఎస్ ప్రశ్నే, అది ఆపితే ఇక ఎప్పటికీ ఫోన్ ఎత్తదు. చివరికి ఆ పేరుకి జవాబు నా నేమ్ సర్వరే చెప్పేలా ఒక లోకల్ జోన్ (దాని సొంత పేర్ల పట్టిక) రాశా.

ఆ తర్వాత ఇంకో రోగం, ఎత్తిన ఫోన్ పెట్టడం లేదు. 2 నిమిషాలు ట్రాఫిక్ లేకపోతే కట్ చెయ్ అని పెట్టా, కానీ లైన్ గంటలకొద్దీ అలాగే. మళ్ళీ డంప్ చూస్తే అన్నీ బయట నుంచి వస్తున్నవే, నాకంటే ముందు ఆ ఐపీ వాడినాయన ఎవరో వెళ్ళిపోయాడు, ఆయన కోసం వెతికేవాళ్ళు ఇంకా తలుపు కొడుతూనే ఉన్నారు, ఒక్కో ప్యాకెట్‌కీ టైమర్ మళ్ళీ సున్నా నుంచి మొదలు. లైనక్స్‌లో పీపీపీ నడిపే ప్రోగ్రామ్ పీపీపీడీలో యాక్టివ్ ఫిల్టర్ అని ఉంటుంది, ఏ ప్యాకెట్లని ట్రాఫిక్‌గా లెక్కేయాలో అదే చెప్తుంది, అందులో బయటికి వెళ్ళేవే లెక్క అని రాశా. ఒక్క లైను. రాసి, అన్ని సిస్టమ్‌లూ ఆపి, గడియారం చూస్తూ కూర్చున్నా. సరిగ్గా రెండు నిమిషాలకి లోపల రిలే టిక్‌మంది, ముందు సీడీ, వెనకే ఓహెచ్ ఆరిపోయాయి.