ముప్పై అని చెప్పి ముప్పై ఇవ్వని ఫోన్

అన్నయ్య కూతురి స్కూల్ నాటకం, 40 నిమిషాలు. మూడు కెమెరాలతో తీశాం, మూడింటినీ కలిపి ఒకే వీడియోగా ఎడిట్ చేయాలి. ట్రైపాడ్ మీద నా మిర్రర్‌లెస్ కెమెరా, 4కె, సెకనుకు 25 ఫ్రేములు. వదిన చేతిలో ఫోన్, 1080, 30 ఫ్రేములు. మూడోది మామయ్య బీరువాలోంచి తీసిచ్చిన పాత హెచ్‌డీవీ టేపు కెమెరా. "ఎంతరా, ఒక్క ఆదివారం పని" అన్నాడు అన్నయ్య. మూడు ఆదివారాలు పోయాయి.

సైజులు కలవవేమోనని భయపడ్డాను గానీ, తీరా కూర్చుంటే అదే తేలిక. టైమ్‌లైన్ (సాఫ్ట్‌వేర్‌లో ముక్కలు పేర్చే చోటు) 1920×1080, 25 ఫ్రేములకు పెట్టుకున్నా. 4కె అంటే 3840×2160, అటూ ఇటూ సరిగ్గా రెండింతలు. దాన్ని రెండింతలు జూమ్ చేసినా బొమ్మ చెదరదు. స్టేజీ మొత్తం కనిపించే షాట్‌లోంచే దగ్గరి షాట్లు కోసుకున్నా, నాలుగో కెమెరా ఊరికే దొరికినట్టు. జూమ్ చేశాకే ఇంకోటీ తెలిసింది: సగంసేపు నా ఫోకస్ రాజుగారి మీద లేదు, వెనకున్న అట్టముక్క చెట్టు మీద ఉంది.

టేపు కెమెరా ఫుటేజ్‌లో మొదట అందరూ సన్నబడిపోయారు. ఆ ఫైల్ 1440×1080. పిక్సెళ్లు చతురస్రం కాదు, అడ్డంగా 1.33 రెట్లు వెడల్పు. సాఫ్ట్‌వేర్‌కి ఆ మాట చెప్పగానే మనుషులు మామూలయ్యారు. కత్తి తిప్పినప్పుడల్లా అంచున దువ్వెన పళ్లలా గీతలు మాత్రం మిగిలాయి. ఇంటర్‌లేస్డ్ కదా, ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో తీస్తుంది. ముందు డీఇంటర్‌లేస్ చేసి (ఆ విడతల్ని పూర్తి ఫ్రేములుగా మార్చి), ఆ తర్వాతే సైజు ముట్టుకోవాలి. నేను తిరగేసి చేసి ఒక సాయంత్రం పోగొట్టుకున్నా.

అసలు ఏడిపించింది ఫోన్. నాటకం మొదట్లో కొట్టిన గంట చప్పుడు మూడింటి వేవ్‌ఫార్మ్‌లోనూ (శబ్దాన్ని చూపే గీతలో) సూదిలా లేచింది, అక్కడ కలిపేశా. పది నిమిషాలదాకా బాగుంది. చివరికొచ్చేసరికి మాట ఒకచోట, పెదవులు ఒకచోట. ముక్కలు కోసి జరుపుతూ, మాసికలు వేసినట్టు చాలాసేపు కుస్తీ పట్టాను. చివరికి ఫైల్ వివరాలు తెరిస్తే 'వేరియబుల్ ఫ్రేమ్ రేట్' అని ఉంది. వెలుతురు తగ్గితే ఫోన్ ఒక్కో ఫ్రేముకి ఎక్కువ సమయం తీసుకుని, సెకనుకు ఫ్రేముల లెక్క తగ్గించేస్తుంది. మా నాటకంలో రెండో అంకమంతా చీకటే! హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మళ్లీ ఫైల్ చేశా. మాసికలన్నీ పీకేసి గంట దగ్గర ఒక్కసారి కలిపితే చివరిదాకా నిలబడింది.

అయినా 30ని 25లో ఇరికిస్తే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోతుంది. నడిచే మనిషి చిన్నగా తడబడతాడు. మధ్య ఫ్రేముల్ని ఊహించి గీసే ఆప్టికల్ ఫ్లో పెట్టి చూస్తే చెయ్యి ఊపిన మంత్రిగారికి ఆరో వేలు మొలిచింది. ఇక ఫోన్ షాట్లు కదలకుండా నిలబడి మాట్లాడేవాళ్లకే.

ఫోన్ బొమ్మ మరీ పదునుగా ఉంటుంది, పక్కన నా కెమెరా వెలవెలబోతుంది. మిగతావాటికి షార్ప్‌నెస్ పెంచితే గరగరలాడాయి. ఫోన్‌కే కాస్త బ్లర్ ఇస్తే కలిసిపోయింది. రంగులు ముఖాల్ని చూసి కలిపా. ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగుల్ని తనే సర్దుకోవడం) షాట్ మధ్యలో మారిపోయే ఒక్కచోట మాత్రం ఓపిక అయిపోయి వదిలేశా.

అందరం కూర్చుని చూశాం. పాప అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "బాబాయ్, రాజుగారు మాట్లాడుతుంటే ఎర్ర కర్టెన్ నారింజ రంగులోకి ఎందుకు మారింది?"

"మీ అమ్మనడుగు" అన్నాను.