కులం పేరుతో తిట్టారని కూడా రాయండి సార్

మూసీ పక్క డివిజన్‌లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలకు సిద్ధమవుతున్న ఒక అక్క ఫేస్‌బుక్ పేజీ నేనే చూస్తాను. నాలా పూడిక గురించి పెట్టినా, నల్లా నీళ్ల గురించి పెట్టినా కింద ఒకటే వరస. రాత్రిళ్లు ఎవరి దగ్గరుంటావని ఒకడు, కులం పేరు పెట్టి ఇంకొకడు, రెండూ కలిపి మరొకడు. అక్కడి మగ నాయకులనూ తిడతారు. కాకపోతే కమీషన్లు తిన్నారనే తిడతారు.

"ఇడిసిపెట్టు చెల్లె, రాజకీయాలల్ల గింతే ఉంటది" అంది అక్క. అప్పుడే మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ చేసిన అధ్యయనం చదివి వినిపించాను. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు 95 మంది మహిళా నేతలను ప్రస్తావించిన 1,14,716 ట్వీట్లు చూస్తే, ప్రతి ఏడింటిలో ఒకటి దూషణో, అలాంటిదో. అణగారిన కులాల మహిళలకు కుల దూషణలు మిగతావారికంటే 59 శాతం ఎక్కువ. ముస్లిం మహిళలకు మతం పేరుతో వచ్చేవి 94.1 శాతం ఎక్కువ. అక్క కాసేపు ఆలోచించి, కేసు పెడదామంది.

తేదీ, లింకు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఎక్కించాం. అసలు పని స్టేషన్‌లో. అక్కడి రైటర్ అంతా కలిపి 'అసభ్యంగా దూషించారు' అని ఒక్క లైనులో తేల్చేశారు. అక్క ఒప్పుకోలేదు. ఒక్కో కామెంటూ పైకి చదివి, ఉన్నదున్నట్టు రాయించింది. ఆ మాటలు తన నోటితో తానే అందరి ముందు పలకాల్సి రావడం ఎంత కష్టమో పక్కనే కూర్చుని చూశాను.

మహిళ గౌరవాన్ని కించపరిచినందుకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 79, ఆన్‌లైన్‌లో అశ్లీలం పెట్టినందుకు ఐటీ చట్టం సెక్షన్ 67 వేస్తామన్నారు. ఎస్సీ, ఎస్టీ చట్టం మాటెత్తితే, "ఫేక్ ప్రొఫైల్ గదా, వాని కులం ఏందో తెల్వకుండ ఎట్ల పెడ్తమమ్మా?" అన్నారు ఎస్సై. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకూడదన్నది చట్టంలోనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న అడ్డగోలుది కాదు. వకీలుగారు దారి చెప్పారు: తిట్లు ఎఫ్‌ఐఆర్‌లో ఉండాలి, అక్క కుల ధ్రువపత్రం జత కావాలి, ఖాతా ఎవరిదో తేలాక సెక్షన్ చేరుస్తూ కోర్టులో మెమో వేయించాలి.

అలాగే జరిగింది. మనిషి దొరికాడు, ఎస్సీ, ఎస్టీ చట్టంలో కులం పేరుతో తిట్టడానికి సంబంధించిన సెక్షన్ 3(1)(ఎస్) చేరింది, ఫైలు ఏసీపీ దగ్గరికి వెళ్లింది. నిబంధనల ప్రకారం 60 రోజుల్లో దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేయాలి. అది వేసేదాకా వెళ్లి అడుగుతూనే ఉంటాం.