మా ప్యాసింజర్ టైముకే వస్తోందట!

మొన్న మా ప్యాసింజర్ రైలు ఆలస్యాల లెక్క, 14 పేజీల జిరాక్సులు చేతికొచ్చాయి. పేజీకి 2 రూపాయల చొప్పున 28 రూపాయలు. ఆ 28 రూపాయల కాగితాల కోసం ఎంత తిరిగానో, మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మాది రాయగడ. పని పార్వతీపురంలో, ఒక షాపులో లెక్కలు రాస్తాను. సీజన్ టికెట్ మీద రోజూ పొద్దున ప్యాసింజర్. టిట్లాగఢ్ వైపు నుంచి వచ్చే గూడ్సులు, కోరాపుట్, దమన్‌జోడి మీదుగా వచ్చే గూడ్సులు అన్నీ మా దగ్గరే ఒక దారిలో పడతాయి. మధ్యలో ఒక చిన్న స్టేషన్ ఉంది, పేరెందుకులెండి. అక్కడ మమ్మల్ని లూప్‌లో, అంటే పక్క పట్టాల మీద, పెట్టేస్తారు. బొగ్గు, ఖనిజం ధడధడా పోతుంటాయి, మేం పల్లీలు తింటూ చూస్తుంటాం.

నేను లేటైతే ఓనరు సగం రోజు జీతం కోస్తాడు. అందుకని ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, వేశా. ఆన్‌లైన్‌లో 10 రూపాయలు, ఫోన్‌లోనే అరగంటలో అయిపోయింది. "గత మూడు నెలల్లో ఈ బండి ఎన్ని రోజులు లేటుగా నడిచింది?" అని అడిగాను. నా తెలివి అక్కడే తెల్లారింది.

ఇరవై తొమ్మిదో రోజున జవాబు. ఒకటి రెండు రోజులు తప్ప అన్ని రోజులూ రైట్ టైమే అట! నేనే కలలో ప్రయాణం చేస్తున్నానా అనిపించింది. అంతటితో పోయినా బాగుండేది. కోపంలో ఆ కాగితం షాపుకి పట్టుకెళ్ళి ఓనరుకి చూపించడం ఇంకో తెలివితక్కువ పని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, గుమాస్తాలందరి ముందూ, "రైల్వేవాళ్ళే టైముకి వచ్చిందంటున్నారు కదయ్యా, మరి ఇన్నాళ్ళూ రోజూ గంటసేపు నువ్వెక్కడ తిరుగుతున్నావు?" అన్నాడు. ఒకడైతే కిసుక్కున నవ్వాడు. పన్నెండేళ్ళుగా ఆ షాపులో పైసా తేడా రాకుండా లెక్క రాస్తున్నవాడిని నేను. రెండు రోజులు అన్నం సయించలేదు.

గుట్టు విప్పింది మా వీధిలో ఉండే రిటైర్డ్ స్టేషన్ మాస్టరు గారు. "బండి టైముకి వచ్చిందా లేదా అనేది ఆఖరి స్టేషన్‌లో చూస్తారు బాబూ. ఆఖరికి ముందు టైమ్‌టేబుల్లో కొంత వదులు పెడతారు. మధ్యలో యాభై నిమిషాలు పోయినా అక్కడ చాలావరకు కవరైపోతుంది" అన్నారు. మధ్యలో దిగిపోయే నాలాంటివాడు వాళ్ళ లెక్కలోకే రాడన్నమాట! రూలు ప్రకారం మామూలు ప్యాసింజరు గూడ్సు కంటే ముందే పోవాలి, కానీ రెండు గూడ్సు బండ్లు ఒకటిగా కలిపిన పొడుగు గూడ్సు చిన్న స్టేషన్ లూప్‌లో పట్టదు కాబట్టి పక్కకి తప్పుకునేది మనమే అని కూడా ఆయనే చెప్పారు.

అప్పీలుకి పోకండి. అడిగినదానికి జవాబు ఇచ్చేశారు కాబట్టి అది నిలవదు. నేను ఇంకో 10 రూపాయలు కట్టి, ఈసారి ఆ చిన్న స్టేషన్‌లోని ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్, అంటే ఏ బండి ఎప్పుడొచ్చి ఎప్పుడు కదిలిందో రాసే పుస్తకం, చూస్తానని అడిగా. వచ్చి చూసుకోమన్నారు.

వెళ్తే రెండు గంటలు వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టారు. లోపల గుమాస్తా, "ఏం మాస్టారూ, గూడ్సుబండి మీద మీకెందుకంత పగ? మీ టికెట్టు డబ్బులతో రైల్వే నడుస్తుందనుకుంటున్నారా?" అన్నాడు. నిజమే, రైల్వే రాబడిలో దాదాపు మూడింట రెండొంతులు సరుకుదే. అయితే మాత్రం? ఆ సరుకు మా కొండల్లోంచి పోతున్నదే కదా, మాకు దుమ్మూ ఎదురుచూపూ మిగిలాయి. ఇదంతా అక్కడ అనలేదు, ఇంటికొచ్చాక తోచింది.

మొదటి గంట ఉచితం, తర్వాత గంటకి 5 రూపాయలు. వాచీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు మహానుభావుడు. రిజిస్టరు నిండా పొట్టి అక్షరాలు, అంకెలు. ఇదేమిటని అడిగితే "చదువుకున్నవారే కదా" అన్నాడు. లెక్కలు రాసేవాడికి అంకెలు ఎంతసేపు! పావుగంటలో పట్టేశా. ఒక రోజు మా బండి 7.12కి వచ్చి 7.59కి కదిలింది, ఆ మధ్యలో రెండు గూడ్సులు దాటాయి. అలాంటి పేజీలే ఏరి కాపీలు అడిగా.

మా దారిలోనే విజయనగరం, టిట్లాగఢ్ మధ్య 264 కిలోమీటర్ల మూడో లైను 2015-16లో మంజూరైంది. అది మొత్తం పూర్తయితే బాగుపడుతుందంటారు. లైనొచ్చినా దాని మీదా గూడ్సులే నింపితే మాకేం ఒరిగింది? ముందు మధ్య స్టేషన్లలో టైము చూడమనండి.

జిరాక్సులు మూడు సెట్లు తీయించా. ఒకటి ఎంపీ గారి ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నా. ఒకటి ఇంట్లో ఉంది. మూడోది ఓనరు బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడట, రేపు చదువుతానన్నాడు.