ఫొటోలు చూసి నేర్చుకున్న స్కేటర్, పతకాలు తెప్పించిన కోచ్

మంచు మీద ఒక స్త్రీ, ఒక పురుషుడు జతగా చేసే పెయిర్ స్కేటింగ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఒలింపిక్ విజేతలు కాదు, పోటీలో అందరికంటే చివరన నిలిచిన యావ్ బిన్. చైనా ఈశాన్య ప్రాంతంలోని హార్బిన్‌కు చెందిన ఈయన, 1980లో జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో లువాన్ బోతో జతగా బరిలోకి దిగారు. ఆ స్థాయి పోటీలో చైనా తరఫున పాల్గొన్న తొలి జంట వారిదే. వారి విన్యాసాలు చూసి ప్రేక్షకులు నవ్వారు. నాలుగేళ్ల తర్వాత సారాయెవో ఒలింపిక్స్‌లోనూ వారికి దక్కింది చివరి స్థానమే.

ఆ నవ్వుకు కారణం ప్రతిభ లేకపోవడం కాదనే నేను అనుకుంటాను. దగ్గరుండి నేర్పేవారు గాని, చూసి నేర్చుకోవడానికి వీడియోలు గాని వారికి అందుబాటులో లేవు; విదేశీ స్కేటర్ల ఫొటోలను ముందు పెట్టుకుని ఆ భంగిమలను అనుకరిస్తూ సాధన చేశారు. స్త్రీని తల మీదికి ఎత్తి పట్టుకున్న క్షణం ఫొటోలో కనిపిస్తుంది కాని, ఎత్తడానికి ముందు ఇద్దరి మోకాళ్లు ఎప్పుడు వంగాలో, ఎవరి వేగం ఎవరికి ఆసరా అవుతుందో, దింపేటప్పుడు బరువు ఏ కాలి మీదికి రావాలో అది చెప్పదు. పురుషుడు విసిరితే స్త్రీ గాల్లో తిరిగి మంచు మీద దిగే త్రో జంప్‌లో అయితే విసిరే చేతికీ ఎగిరే కాలికీ మధ్య లిప్తపాటు తేడా వచ్చినా ఆమె మంచు మీద పడిపోతుంది. ఒక ఫొటోకూ మరో ఫొటోకూ మధ్య జరిగేదే అసలు విద్య కాబట్టి, దాన్ని సొంతంగా కనిపెట్టుకోవలసి వచ్చిన మనిషి కోచ్ కావడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

1992లో ఆయన షెన్ షుయే, జావో హోంగ్‌బోలను జతగా కలిపారు. షెన్ అప్పటివరకు ఒంటరిగా స్కేటింగ్ చేసేది. ఈ జంట 1999 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం, 2002లో నాగానోలో జరిగిన అదే పోటీలో స్వర్ణం సాధించింది. ఆయన శిష్యుల త్రో జంప్‌ల, ట్విస్ట్ లిఫ్ట్‌ల (స్త్రీని పైకి విసిరి, ఆమె గాల్లో తిరిగాక పట్టుకునే విన్యాసం) ఎత్తును అందరూ మెచ్చుకున్నారు కాని, వారిలో బలమే తప్ప భావం లేదన్న విమర్శ కూడా చాలాకాలం వినిపించింది. ఆ విమర్శలో కొంత నిజముందని వారి తొలినాళ్ల ప్రదర్శనలు చూసిన నాకూ అనిపించింది. తర్వాత కెనడాకు చెందిన లోరీ నికోల్ నృత్యరచనలో షెన్, జావోలు చూపించిన మార్పు మాత్రం చూసి తీరవలసినదే.

2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌లో ఆయన దగ్గర శిక్షణ పొందిన మూడు జంటలు వరుసగా రెండు, మూడు, నాలుగు స్థానాల్లో నిలిచాయి. రజతం గెలిచిన జాంగ్ డాన్, జాంగ్ హావోలు (ఇంటిపేరు ఒకటే అయినా వీరు బంధువులు కారు) ప్రదర్శన ఆరంభంలోనే గాల్లో నాలుగు చుట్లు తిరిగే త్రో సాల్కో అనే త్రో జంప్‌కు ప్రయత్నించారు. జాంగ్ డాన్ దారుణంగా పడిపోయి మోకాలికి గాయం చేసుకుంది, అయినా కాసేపటికి మళ్లీ మంచు మీదికి వచ్చి ప్రదర్శన పూర్తి చేసింది. ఆ పట్టుదల అందరినీ కదిలించింది, నన్నూ కదిలించింది. అయితే అంతటి ప్రమాదకరమైన జంప్‌ను పెట్టడం అవసరమా అన్న సందేహం నాకు ఇప్పటికీ తీరలేదు.

2007లో మూడోసారి ప్రపంచ విజేతలై పోటీలకు దూరమైన షెన్, జావోలు, అప్పటికి దంపతులై, వాంకూవర్ ఒలింపిక్స్ కోసం తిరిగొచ్చారు. 2010 ఫిబ్రవరిలో 216.57 పాయింట్లతో స్వర్ణం గెలిచారు. 1964 నుంచి వరుసగా 12 ఒలింపిక్స్‌లో సోవియట్, రష్యా జంటలు నిలుపుకొంటూ వచ్చిన స్వర్ణం అలా చేతులు మారింది. రజతం కూడా యావ్ బిన్ శిష్యులైన పాంగ్ చింగ్, టోంగ్ జియాన్‌లదే.

డోర్ట్‌మండ్‌లో ఆయన పక్కన నిలిచిన లువాన్ బో కూడా కోచ్ అయ్యారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 0.63 పాయింట్ల తేడాతో స్వర్ణం గెలిచిన సూయ్ వెన్‌జింగ్, హాన్ త్సోంగ్ జంట తొలినాళ్లలో ఆమె దగ్గరే శిక్షణ పొందింది.