58 అంగుళాల గీత

శనివారం. రాత్రంతా పడ్డ వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది, గాలిలో తడి మాత్రం పోలేదు. ఇవాళ పని రెండు చోట్ల. పొద్దున హైదరాబాద్ మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ గోడలకు బొమ్మలు ఎక్కించడం, సాయంత్రం కొండాపూర్ వైపు ఒక ఫ్లాటు వాళ్లు కొన్న బొమ్మలు వాళ్ల గోడలకు తగిలించడం. గ్యాలరీలో చూసి మనసుపడి కొన్న బొమ్మ ఇంటికొచ్చాక వెలవెలబోయిందని చాలామంది అంటుంటారు. బొమ్మ అదే. మారింది ఎత్తు, వెలుతురు, చుట్టూ ఉండే ఖాళీ. ఈ మూడూ ఇంట్లో కూడా చాలావరకు మన చేతిలోవే.

గ్యాలరీలో ఏ బొమ్మా నేరుగా గోడెక్కదు. ముందు అన్నిటినీ నేల మీద థర్మోకోల్ ముక్కలు వేసి గోడకు ఆనిస్తాం. గంట సేపు అటుదిటు, ఇటుదటు. పదిమంది కలిసి పెట్టే ప్రదర్శనలో అసలు తలనొప్పి ఇదే. తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మల్లో ఉండే ఎరుపు, పెద్ద బొట్టు, పసుపు చీర పది గజాల నుంచే పిలుస్తాయి. అలాంటి బొమ్మ పక్కనే ఇంకో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్ (లోహపు పలక మీద గీతలు చెక్కి కాగితం మీద అచ్చొత్తే బొమ్మ) లాంటి సన్నగీతల పని పెడితే దాని దగ్గర ఎవరూ ఆగరు. ఎచింగ్ చిన్నబోయేది సైజులో కాదు, పక్కనున్న రంగు వల్ల. అందుకే కాగితం మీది పనులన్నీ ఒక గోడకు, వెలుతురు తక్కువున్న వైపుకు చేరుస్తాం. గట్టి రంగులున్న పెద్ద కాన్వాసు హాల్లోకి అడుగుపెట్టగానే కనిపించే ఎదురుగోడకు పోతుంది. నాలుగడుగుల కాన్వాసును చూడాలంటే కనీసం ఆరేడు అడుగులు వెనక్కి జరిగే చోటుండాలి.

గోడ మీద సుద్ద దారంతో 58 అంగుళాల ఎత్తున గీత కొట్టాం. ఇది బొమ్మ పైఅంచు ఎత్తు కాదు, నడిమధ్య ఎత్తు. చాలా గ్యాలరీలు 57 నుంచి 60 మధ్యలో ఏదో ఒకటి ఎంచుకుని ప్రదర్శన మొత్తం అదే పాటిస్తాయి. నిలబడ్డ మనిషి కంటికి కాస్త అటూఇటూగా అది సరిపోతుంది. మేకు ఎక్కడ కొట్టాలో కళ్లతో అంచనా వేస్తేనే తప్పులు వస్తాయి. లెక్క చిన్నదే. ఫ్రేము ఎత్తు 30 అంగుళాలనుకుందాం. అందులో సగం 15. 58కి 15 కలిపితే 73, అది పైఅంచు. వెనకాల తీగను మధ్యలో వేలితో పైకి లాగి పట్టుకున్నప్పుడు పైఅంచు నుంచి 3 అంగుళాల కింద ఉందనుకుంటే, 73లోంచి 3 తీసేయాలి. మేకు 70 దగ్గర. తీగను వదులుగా ఉంచి కొలిస్తే బొమ్మ అంగుళం, అంగుళంన్నర కిందికి దిగుతుంది. వరసలో ఒక్కటి దిగినా గోడంతా వంకరగా కనిపిస్తుంది.

రెండడుగుల వెడల్పు దాటిన ఫ్రేముకు ఒకే మేకు పెట్టడం బద్ధకం. ఎవరి భుజమో తగిలినా, కింద రోడ్డు మీద లారీ పోయినా మెల్లగా పక్కకు ఒరుగుతుంది. ఫ్రేము వెనక రెండు డీ రింగులు (డీ ఆకారపు ఇనుప కొక్కేలు), గోడకు రెండు హుక్కులు, మధ్యలో రసమట్టం. తీగే అక్కర్లేదు.

పొట్లాలు విప్పేటప్పుడు ఒక యాక్రిలిక్ కాన్వాసు దగ్గర అందరం ఆగిపోయాం. నల్లటి భాగం మీద చిన్న చిన్న గుండ్రాలు, వరసలు వరసలుగా, ఏటవాలు వెలుతురులో మెరుస్తున్నాయి. బబుల్ ర్యాప్ గుర్తులు. యాక్రిలిక్ రంగు పూర్తిగా ఆరినా వేడికి మెత్తబడే గుణం వదలదు. వ్యానులో మధ్యాహ్నం ఎండకు కాన్వాసు కాగి, బుడగల వైపు రంగుకు ఆని, పైన ఇంకో బొమ్మ బరువు పడితే అచ్చు పడిపోతుంది. గుడ్డతో రుద్దితే ఆ చోటంతా ఇంకా నున్నబడి మచ్చ పెరుగుతుందే గానీ తగ్గదు. దాన్ని చిత్రకారుడికే వదిలేశాం, పైన వార్నిష్ వేస్తాడో, ఆ భాగం మళ్లీ వేస్తాడో ఆయన ఇష్టం. పొట్లం కట్టేటప్పుడు రంగుకు తగిలేది సిలికాన్ పూత ఉన్న కాగితమే కావాలి. దొరక్కపోతే బేకింగుకు వాడే కాగితం. దాని మీద ఫ్రేము సైజు అట్ట, ఆ తర్వాతే బబుల్ ర్యాప్, అదీ బుడగలు బయటికి ఉండేలా. మూలలకు నాలుగు అట్ట తొడుగులు. కాన్వాసును చుట్టే పంపాల్సి వస్తే రంగు బయటి వైపు ఉండాలి, గొట్టం లావుగా ఉండాలి. లోపలి వైపుకు చుడితే రంగు పొర నలిగి ముడతలు పడుతుంది.

పేర్ల చీటీల గురించి చెప్పేదేం పెద్దగా లేదు. పేరు, శీర్షిక, సంవత్సరం, మాధ్యమం, కొలత. కొలతలో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. అది తిరగబడితే ఫోనులో ఫోటో చూసి కొనేవాళ్లు నిలువు బొమ్మను అడ్డం అనుకుంటారు.

మధ్యాహ్నం పటాలు కట్టే దుకాణం. ఫ్లాటు వాళ్లు కొన్నవాటిలో ఒక ఎచింగ్ ఉంది, ఒక బొగ్గు డ్రాయింగ్ ఉంది. ఎచింగ్ అసలుదో కాదో కళ్లతోనే చాలావరకు తేలిపోతుంది. లోహపు పలక ఒత్తిడికి కాగితం మీద బొమ్మ చుట్టూ చిన్న గుంట పడుతుంది, వేలు దగ్గర పెడితే అంచు తెలుస్తుంది. కింద ఎడమవైపు పెన్సిలుతో 12/75 అని ఉంటే 75 ప్రతుల్లో 12వది, కుడివైపు సంతకం. భూతద్దం పెట్టి చూస్తే గీతలు గీతల్లానే ఉండాలి. రంగురంగుల సన్న చుక్కలు కనిపిస్తే అది ప్రింటరులోంచి వచ్చిన ప్రతి. అలాంటి ప్రతిని ఇష్టపడి గోడకు పెట్టుకుంటే తప్పేం లేదు, అసలు ధర ఇవ్వకపోతే చాలు.

కట్టేవాళ్లు చేసే మొదటి తప్పు ఆ గుంట కనపడకుండా మౌంటు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం, కోయడం. అంకె, సంతకం, గుంట మూడూ కనిపించేలా బొమ్మ చుట్టూ కనీసం అరంగుళం కాగితం వదలాలి. మౌంట్ బోర్డు యాసిడ్ లేనిది, మూడు వైపులా మూడంగుళాలు, కింద మూడున్నర. కింద కొంచెం ఎక్కువ లేకపోతే బొమ్మ జారినట్టుంటుంది. రెండో తప్పు ఫెవికాల్. ఇంకా ఘోరం సెల్లో టేపు, దాని జిగురు కాగితంలోకి ఇంకి కొన్నేళ్లకు గోధుమరంగు మరక పైకి తేలుతుంది. బొమ్మను బోర్డుకు అంటించనే కూడదు. పైఅంచున రెండు చోట్ల జపాన్ కాగితం పట్టీలతో, గోధుమ స్టార్చి గంజితో వేలాడదీయాలి. వానాకాలంలో కాగితం సాగుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. నాలుగు వైపులా అంటిస్తే ఆ కదలికకు చోటు లేక అలలు లేస్తుంది. వెనక పాత న్యూస్‌పేపరు పరిచే అలవాటు ఇంకా పోలేదు. బొమ్మ కాగితం పసుపుబారడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

అద్దమా, యాక్రిలిక్ షీటా? 2 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 5 కిలోలు. అదే మందం యాక్రిలిక్ రెండున్నర కిలోల లోపే. 3×4 అడుగుల పటానికి అద్దమే ఐదున్నర కిలోలు తూగుతుంది, ఫ్రేము బరువు దానికి అదనం. పిల్లలున్న ఇంటికి, మంచం తలవైపు గోడకు యాక్రిలిక్కే మేలు. కానీ బొగ్గు డ్రాయింగుకు, పేస్టెల్‌కు మాత్రం వద్దు. గుడ్డతో తుడిచిన ప్రతిసారీ యాక్రిలిక్‌లో స్థిర విద్యుత్తు పుడుతుంది, వదులుగా ఉన్న బొగ్గు పొడి లేచి షీటు లోపలివైపు అంటుకుంటుంది. అందుకని డ్రాయింగుకు అద్దం, ఎచింగుకు ఎండలోని యూవీ కిరణాలను ఆపే యాక్రిలిక్. రెండిటిలోనూ కాగితానికి, అద్దానికి మధ్య మౌంటు మందమంత సందు. కాగితం అద్దానికి తగిలితే చెమ్మ అక్కడే ఆగి బూజు మొదలవుతుంది.

ఫ్లాటుకు చేరేసరికి నాలుగున్నర. ఇక్కడ మొదటి ప్రశ్న గోడ దేనితో కట్టారని. వేలి కణుపుతో కొట్టి చూస్తే కొంత తెలుస్తుంది. పాత ఇటుక గోడైతే 6 ఎంఎం డ్రిల్లు బిట్టు, స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దించే ప్లాస్టిక్ గిట్టీ, రెండంగుళాల 8 నంబరు స్క్రూ. లప్పం, ప్లాస్టరింగు కలిపి అరంగుళం పైనే పోతుంది, కాబట్టి రంధ్రం రెండంగుళాలైనా దిగి గిట్టీ ఇటుకలో కూర్చోవాలి. ప్లాస్టరింగులోనే ఆగితే కొన్నాళ్లకు పెచ్చుతో సహా ఊడి సోఫా మీద పడుతుంది. తెల్లటి ఏఏసీ బ్లాకు (గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంటు దిమ్మ) గోడలో మామూలు గిట్టీ గిర్రున తిరుగుతుంది. డ్రిల్లులో హామర్ దెబ్బ ఆపేసి, తిప్పుడుతోనే, ఒక సైజు తక్కువ బిట్టుతో వేసి, పొడవాటి నైలాన్ గిట్టీ వాడాలి. కొన్ని కొత్త టవర్లలో గోడంతా కాంక్రీటే. ఇవాళ్టిది అదే.

“అన్నా, దిగుతలేదు” అన్నాడు డ్రిల్లు పట్టుకున్న పిల్లాడు. బిట్టు చివర వెండిరంగు రజను. ఇనుప చువ్వ తగిలింది. బలవంతం చేస్తే బిట్టు పోతుంది, చువ్వ తెగితే గోడ బలం తగ్గుతుంది. రెండు హుక్కుల్నీ కలిపి అంగుళం పక్కకు జరిపాం. బొమ్మ అంగుళం జరిగిందని ఎవరికీ తెలియదు, పాత రంధ్రం ఫ్రేము వెనక దాక్కుంటుంది. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా మాత్రం ఎక్కడా బెజ్జం వేయకూడదు, కరెంటు పైపు అక్కడే పోతుంది. బెజ్జం కింద మాస్కింగ్ టేపును జేబులా మడిచి అంటిస్తే దుమ్మంతా అందులోనే.

ఇంటావిడ చేత్తో చూపించిన చోటు సోఫాకు మూడడుగుల పైన. “ఆంటీ, ఇంకొంచెం కిందికి రానివ్వండి” అని అట్ట ముక్క పెట్టి చూపించాల్సి వచ్చింది. సోఫా వీపు 34 అంగుళాలు, దాని మీద 8 అంగుళాల ఖాళీ, 42 దగ్గర బొమ్మ కిందంచు. 30 అంగుళాల బొమ్మకు నడుమ 57 వస్తుంది, గ్యాలరీ గీతకు ఒక్క అంగుళం తేడా. ఏడడుగుల సోఫా మీద వెడల్పు 55 అంగుళాల దాకా ఉంటే బాగుంటుంది. ఒక్క బొమ్మ అంత లేకపోతే రెండు, మధ్యలో రెండు మూడంగుళాల సందు. మన ఇళ్లల్లో బొమ్మలు పైకి పోవడం పెద్దవాళ్ల ఫోటోల నుంచి వచ్చిన అలవాటు. వాటిని గుమ్మం మీద ఏడడుగుల ఎత్తున కట్టి, పైఅంచు ముందుకు వంచేవారు. ఆ వంపు తెలివైనది, అద్దంలో కిటికీ వెలుగు కొట్టకుండా ముఖం కిందున్నవాళ్ల వైపు చూస్తుంది. వంపు వదిలేసి ఎత్తును మాత్రం మనం ఉంచుకున్నాం.

వెలుతురు దగ్గర ఫ్లాట్లన్నీ ఒకేలా తప్పుతాయి. ఫాల్స్ సీలింగులో స్పాట్‌లైటు గోడకు అరడుగు దూరంలో పెడతారు. వెలుగు గోడను గీసుకుంటూ దిగి, బొమ్మ పైభాగం తెల్లబోయి కింద చీకటవుతుంది, మందపు రంగుకు పొడవాటి నీడలు పడతాయి. నిలువు నుంచి 30 డిగ్రీల వంపు కావాలి. సీలింగు 108 అంగుళాలు, బొమ్మ నడుమ 58, తేడా 50. 30 డిగ్రీల వంపుకు దాన్ని 0.58తో గుణించాలి, 29 వస్తుంది. అంటే లైటు గోడకు 29 అంగుళాల దూరాన ఉండాలి. వెలుగు రంగు 3000 కెల్విన్, అంటే కాస్త పసుపు తెలుపు. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ అంకె 90 పైన. సీఆర్‌ఐ తక్కువైతే మొదట చచ్చేది ఎరుపే.

కాగితానికి, కలంకారీ లాంటి సహజరంగుల బట్టకు మ్యూజియాలు ఇచ్చేది 50 లక్స్ (మీద పడే వెలుగుకు కొలత), ఆయిల్ పెయింటింగుకు 200. ఆ 50 లక్స్‌లో పది గంటలుంటే రోజుకు 500 లక్స్-గంటలు. పడమటి కిటికీలోంచి నేరుగా పడే ఎండ 50,000 లక్స్ ఉన్నా, ఒక్క గంటలో గ్యాలరీలో 100 రోజులు పడేంత వెలుగు మీద పడినట్టే. రంగు వెలిశాక తిరిగి రాదు. ఎచింగును హాల్లోంచి తీసి కిటికీ లేని నడవాలోకి మార్చాం. మూడున్నర అడుగుల నడవా చిన్న ఎచింగుకు సరిగ్గా సరిపోతుంది, ఎలాగూ దగ్గరికి వెళ్లే చూడాలి దాన్ని.

చేర్యాల పటం ఒకటి మిగిలింది. దాన్ని బాత్రూము గోడకు ఇవతలి వైపు పెట్టాలని వాళ్ల ఆలోచన. ఖద్దరు గుడ్డ మీద గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి దాని మీద వేసే బొమ్మ అది. బూజుకు అంతకంటే మంచి భోజనం దొరకదు. గోడలో చెమ్మ ఉందో లేదో తేల్చడానికి అడుగు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి వచ్చాం. 24 గంటల తర్వాత లోపలివైపు నీటిబొట్లుంటే చెమ్మ గోడది, బయటివైపుంటే గదిగాలిది. గోడది అయితే అక్కడ ఏ బొమ్మా వద్దు. ఏ గోడైనా ఫ్రేము వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలో రబ్బరు బొడిపెలో అంటించి గాలి ఆడే సందు ఉంచాలి. గ్యాలరీలో బొమ్మలు నెల తిరక్కుండా దిగిపోతాయి. ఇంట్లో ఏళ్ల తరబడి అదే గోడ మీద ఉంటాయి.

బయల్దేరుతుంటే ఇంటాయన అడిగాడు, ఈ కాన్వాసు బొమ్మను గృహప్రవేశం కార్డు మీద వేయించుకోవచ్చా అని. బొమ్మ కొన్నంత మాత్రాన అచ్చు వేసుకునే హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రాసివ్వకపోతే అది చిత్రకారుడిదే, ఆయన తదనంతరం 60 ఏళ్ల దాకా వారసులది. ఒక్క ఫోనుతో తేలిపోయే పని, అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. బిల్లు, సర్టిఫికెట్ బొమ్మ వెనక అంటిద్దామనుకున్నారు. వద్దని ప్లాస్టిక్ కవర్లో పెట్టించాం, బీరువాలోకి. వాటితో పాటు బొమ్మ ముందు వెనకల ఫోటో ఒక్కోటి. కాన్వాసు వెనక మూలల్లో చెక్క చీలలు ఉన్నాయి, వానలు తగ్గాక కూడా గుడ్డ వదులుగానే ఉంటే వాటిని సుత్తితో ఒక్కో దెబ్బ లోపలికి కొట్టాలి, అదీ కాన్వాసుకు, కర్రకు మధ్య అట్ట ముక్క అడ్డం పెట్టి.