ఆది జాకెట్టు పనికిరాకుండా పోయాక

ఈ బ్లాగులో ఇంతవరకూ కటోరి కటింగు, పట్టు జాకెట్ల లైనింగు, పాత చీరలతో పిల్లలకు లంగాలు, ఇలాంటివే రాశాను. ఈసారి రొమ్ము తీసేసిన మనిషికి జాకెట్టు కుట్టడం గురించి రాస్తున్నాను. ఆ మనిషిని నేనే. ఎడమ రొమ్ము, క్యాన్సర్ వల్ల నిరుడు వేసవిలో తీసేశారు. ఒంగోలులో నా కుట్టు దుకాణానికి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను కదా!

ముందు ఆపరేషన్ సంగతి. గడ్డ 2.5 సెంటీమీటర్లు. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక సర్జన్ గారు రెండు దారులు చెప్పారు. గడ్డనూ దాని చుట్టూ కొంత మంచి భాగాన్నీ తీసి రొమ్మును ఉంచడం, ఆ పైన రేడియేషన్ ఇవ్వడం ఒకటి. రొమ్ము మొత్తం తీసేయడం రెండోది. మా ఆడపడుచు ఫోనులోనే తీర్పు చెప్పేసింది: "మొత్తం తీయించేసుకో వదినా, పీడ పోతుంది." ఆసుపత్రి వరండాలోనూ ఇదే మాట చాలామంది నోట విన్నాను. నాకు నచ్చని మాట. మొత్తం తీయించుకుంటే ఎక్కువ కాలం బతుకుతామనుకోవడం పొరపాటు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి ఇలాంటి స్త్రీలను 20 ఏళ్లు గమనించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. ఆయుష్షు విషయంలో రెండు పద్ధతులకూ తేడా కనిపించలేదు. ఉంచుకున్నవారికి రేడియేషన్ ఎందుకు కావాలో కూడా ఆ లెక్కల్లోనే ఉంది. ఫిషర్ అధ్యయనంలో గడ్డ మాత్రమే తీయించుకుని రేడియేషన్ లేకుండా ఉన్నవారిలో 39 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది. రేడియేషన్ తీసుకున్నవారిలో 14 శాతం మందికి.

రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, వారాల తరబడి, వేరే ఊళ్లో గది అద్దెకు తీసుకుని ఉండాలి. అవి పెళ్లిళ్ల రోజులు. దుకాణంలో ఇద్దరు అమ్మాయిల జీతాలు నా మీద ఉన్నాయి. అందుకే తీసేయమని సంతకం పెట్టాను. ఆ యంత్రం మా వీధి చివర ఉంటే రొమ్ము ఉంచుకునేదాన్నేమో. తీయించుకున్నా కొందరికి రేడియేషన్ తప్పదని, చంకలో గ్రంథుల రిపోర్టు వస్తేగాని చెప్పలేమని సర్జన్ గారు ముందే హెచ్చరించారు. తీసిన 14 గ్రంథుల్లో ఒక్కదానికీ జబ్బు పాకలేదు, కాబట్టి నాకు అవసరపడలేదు. కీమో మాత్రం పడింది. జుట్టు రాలడం గురించి అందరూ రాశారు, నేను రాయను.

నాకు కుట్టు నేర్పిన పెద్దమ్మ దగ్గరకు అప్పట్లో ఒక టీచరుగారు వచ్చేవారు. మెడ కింది ఎముక దగ్గర నుంచే ఆమె ఛాతీ ఒకవైపు గుంటపడి ఉండేది. చర్మం కింద పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. పెద్దమ్మ జాకెట్టుకు లోపల మూడు పొరల గుడ్డ వేసినా ఆ గుంటలోకి కుంగిపోయేది. అది పాత పద్ధతి ఆపరేషన్ అని నా వంతు వచ్చాకే తెలిసింది. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 1880లలో మొదలుపెట్టిన ఆ పద్ధతిలో రొమ్ముతోపాటు దాని కింద ఉన్న ఛాతీ కండరాలు కూడా తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే రోగికి అంత మేలన్న నమ్మకం దశాబ్దాల పాటు నడిచింది. ఇప్పుడు మామూలుగా కండరం జోలికి వెళ్లరు. నా ఛాతీ చదునుగా ఉంది, గుంట లేదు. గుడ్డ నిలబడటానికి అది చాలు.

కోత ఛాతీ నడుమ నుంచి చంక దాకా అడ్డంగా ఉంటుంది. సర్జన్ గారి కుట్టు శుభ్రమైనది, ఒప్పుకోవాలి. చంక దగ్గర మాత్రం చర్మం కాస్త ముడుచుకుని మిగిలింది, అంచు దాకా వచ్చాక గుడ్డ ఎక్కువైతే మేము మడత పెట్టేసినట్టు. చర్మం కింద చేరే నీరు బయటికి రావడానికి ఒక గొట్టం పెట్టి, చివర ప్లాస్టిక్ సీసా తగిలించి ఇంటికి పంపారు. రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కొలతల పుస్తకంలోనే రాసుకున్నాను. 30కి తగ్గాక గొట్టం తీశారు. అప్పటిదాకా సీసా పట్టేలా సంచి కుట్టుకుని కుడి భుజానికి వేసుకున్నాను. చేయి పైకి లేవదు కాబట్టి ముందు వైపు గుండీలు ఉన్న నైటీలే పనికొస్తాయి. ఆపరేషన్‌కు ముందే రెండు కుట్టించి పెట్టుకోండి.

చేయి లోపలి వైపు ఇప్పటికీ మొద్దుబారే ఉంది. అప్పుడప్పుడు లేని రొమ్ము దురద పెడుతుంది. ఎక్కడ గోక్కోవాలో తెలియదు! ఆ చేతికి సూదులు, గాయాలు తగలనివ్వవద్దని నర్సు గట్టిగా చెప్పింది. గ్రంథులు తీసేసిన వైపు చేయి వాచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందట. కుట్టుపనిలో గుడ్డ పట్టుకునేది ఎడమ చేయి, సూది గుచ్చుకునేదీ దానికే. ఇన్నేళ్లూ అడ్డమని పక్కన పడేసిన వేలి తొడుగు ఇప్పుడు పెట్టుకుంటున్నాను. రెండు చేతుల చుట్టుకొలతల్లో తేడా 2 సెంటీమీటర్లు దాటితే రమ్మన్నారు. టేపు మెడలోనే ఉంటుంది, కొలుచుకోవడానికి బద్ధకించను.

ఇక జాకెట్టు. పాత ఆది జాకెట్టు ఇక పనికిరాదు. మొదట్లో దిండులో వేసే ఫైబరు దూదిని మెత్తటి కాటన్ గుడ్డలో నింపి పెట్టుకున్నాను. తేలిక కావడంతో మధ్యాహ్నానికి మెడ దాకా ఎక్కేది. అడుగున ఆవాల సంచి పెట్టాక కుదురుకుంది. ఉతికేటప్పుడు ఆవాలు తీసేయాలి, లేకపోతే మొలకలొస్తాయి. గాయం పూర్తిగా మానాక సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్ము కొన్నాను. మిగిలిన రొమ్ముకు సరితూగే బరువు ఉండటం వల్ల భుజాలు ఒక పక్కకు ఒరగవు. ఎండాకాలంలో మాత్రం చెమట భరించలేం, అందుకే ఇంట్లో ఆవాలదే.

జాకెట్టులో రొమ్ము పట్టే కప్పు లోపల కాటన్ జేబు కుట్టి అందులో దాన్ని పెట్టాలి. జాకెట్టుకు రెండు వైపులా ఒకే డాట్లు (ఆకారం కోసం వేసే మడత కుట్లు) వేయకూడదు, పెట్టుకున్న తర్వాతే రెండు వైపులా విడివిడిగా కొలవాలి. చంక కుట్టు మచ్చ మీద పడకుండా కిందికి దించాలి. ఆ వైపు జాకెట్టు చేతిని కాస్త వదులుగా, ఎలాస్టిక్ లేకుండా ఉంచాలి. మెడ లోతు తగ్గించక తప్పదు, వంగినప్పుడు అక్కడే తెలిసిపోతుంది. పైట మడతలు పెట్టి పిన్ను గుచ్చుకుంటే పక్క నుంచి తేడా కనిపిస్తుంది. మడతలు లేకుండా వదిలేసుకుంటే కనిపించదు. జరీ బరువున్న పట్టు పైట ఎడమ భుజం మీద గంటల తరబడి మోయడం నావల్ల కావడం లేదు. మొన్న మా అమ్మాయి నిశ్చితార్థానికి నూలు చీరే కట్టుకున్నాను, మా అత్తగారు ముఖం ముడుచుకున్నారు.

ఇలాంటి జాకెట్టు కావలసినవాళ్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రండి. అప్పుడు దుకాణంలో అమ్మాయిలు ఉండరు, తెర వేసి నేనే కొలతలు తీస్తాను. పాత జాకెట్టు తేనక్కరలేదు.